వెనక ఎడమ, నాలుగో పట్టీ

జిల్లా ప్రొటోకాల్ కార్యాలయంలో పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు డ్రైవరుగా పనిచేస్తున్న కిల్లి పారినాయుడిని, ఫిబ్రవరి పదకొండో తేదీ ఉదయం, అదే కార్యాలయానికి చెందిన పాత నల్ల కారు వెనక ఎడమ చక్రం దగ్గర నాలుగో కమాను పట్టీగా నియమించారు. ఉత్తర్వు రెండు ప్రతుల్లో వచ్చింది. ఒకదాని మీద అతను సంతకం పెట్టి తిరిగి ఇచ్చాడు. రెండోదాన్ని అతని భార్య సూరీడమ్మ ప్లాస్టిక్ కవరులో పెట్టి బియ్యం డబ్బా అడుగున దాచింది.

ఆ కారుకి పారినాయుడి కన్నా వయసెక్కువ. యాభై ఎనిమిదో సంవత్సరంలో జిల్లాకి వచ్చింది. ఏడాదికి పదిసార్లకు మించి బయటికి తీయరు. జెండా పండుగలకూ, పైనుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడూ, ఒక్కోసారి ఆ పెద్దవాళ్లలో ఎవరైనా పోయినప్పుడూ తీస్తారు. రెండేళ్లుగా దాని వెనక భాగం కిందికి కూర్చుంటోంది. ముగ్గురు ఎక్కితే మడ్‌గార్డు టైరుకి రాసుకునేది. జనవరిలో ఒక పెద్దమనిషి దిగబోతే వెనక తలుపు అంచు ఫుట్‌పాత్ రాయికి తగిలి తెరుచుకోలేదు. ఆయన ముందు సీటు మీదుగా పాకి, డ్రైవరు వైపు నుంచి దిగవలసి వచ్చింది. మర్నాడే కారు వెనక భాగాన్ని రెండున్నర అంగుళాలు ఎత్తాలని జిల్లా అధికారి నుంచి ఆదేశం వచ్చింది.

కార్యాలయం వాహనాలన్నీ చూసేది ఖాదర్ మేస్త్రి. అతను కారు కింద పడుకుని చూసి, పది నిమిషాల్లో సంగతి చెప్పాడు. ఆ కాలపు కార్ల వెనక భాగం కమాను కట్టల మీద నిలుస్తుంది. ఒక్కో చక్రం దగ్గర విల్లులా వంచిన ఐదు ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి బోల్టులతో బిగిస్తారు. పై పట్టీ అన్నిటికన్నా పొడవు. కిందికి పోయేకొద్దీ పొట్టి. ఎడమ కట్టలో నాలుగో పట్టీ రెండు ముక్కలైంది, మిగతావి వంపు పోయి చదునైపోయాయి. కొత్త పట్టీ ఒకటి వేసి, పాతవాటిని కొలిమిలో కాల్చి మళ్లీ వంపు పెట్టిస్తే కారు లేస్తుందని అతను కాగితం మీద రాసిచ్చాడు. నాలుగు రోజుల పని అన్నాడు.

ఆ కాగితం ఫైలు అయింది. వస్తువుల కొనుగోలు మీద అప్పటికి పద్నాలుగు నెలలుగా నిషేధం ఉంది. మందులకూ కాగితాలకూ మినహాయింపు ఉంది కానీ ఉక్కుకి లేదు. పాత పట్టీలు కాల్పిద్దామంటే కొలిమి బొగ్గు ఇంధనం కిందికి వస్తుంది. ఇంధనం వాహనం టాంకులోకి మాత్రమే వెళ్లాలని నిబంధన. అదే సమయంలో, ఖాళీగా ఉన్న మంజూరు పోస్టులన్నీ మార్చి నెలాఖరులోగా నింపాలనీ, లేకపోతే అవి రద్దవుతాయనీ ఇంకో ఉత్తర్వు అమల్లో ఉంది.

ఈ రెంటినీ కలిపి చూసినవాడు సూపరింటెండెంటు కృపానందం. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆయన ఏ కాగితాన్నీ ఉన్నదానికన్నా ఎక్కువగా గాని తక్కువగా గాని చదివి ఎరగడు. యాభై ఎనిమిది నాటి సిబ్బంది జాబితా తీయించి చూస్తే, బంట్రోతులకీ తోటమాలికీ మధ్య “కమాను పట్టీలు, వెనక, పది” అని ఉంది. అప్పటి టైపిస్టు కారు విడిభాగాల పేజీని సిబ్బంది పేజీలో కలిపేసి ఉండాలి. ఆ పోస్టులకి వేతన స్కేలు ఉంది, పింఛను ఉంది, ఏటా రెండు జతల ఖాకీ బట్టలు కూడా ఉన్నాయి. తొమ్మిదింటిలో ఉక్కు కొనసాగుతోంది కాబట్టి అవి ఖాళీలు కావు. ఎడమవైపు నాలుగోది మాత్రం ఖాళీ. ఆయన పైకి వివరణ కోరుతూ రాశాడు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: “భర్తీ చేయగలరు.”

ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, వంగగలగాలి. అర్హతలు ఇవే. కాంట్రాక్టు వాళ్లలో పారినాయుడే సీనియరు. ఏటా మార్చి ముప్పై ఒకటిన కార్యాలయం అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి, ఏప్రిల్ రెండున మళ్లీ తీసుకునేది. మధ్యలో ఆ ఒక్కరోజు విరామం వల్ల అతని సర్వీసు ఎన్నడూ ఏడాది దాటలేదు. యాభై ఏడేళ్లు వచ్చాయి. అరవై నిండితే ఏప్రిల్ రెండున ఎవరూ పిలవరని అతనికి తెలుసు.

కృపానందం అతన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ గదిలో అతన్ని కూర్చోమనలేదు.

“పర్మనెంటు పోస్టు పారినాయుడూ. నా సర్వీసులో ఈ ఆఫీసులో ఇది మొదటిది. నువ్వు కాదంటే ఇంకొకరికి పోతుంది.”

“కారు కిందే ఉండాలా సార్?”

“కారు కింద కాదు. కారులో. నిబంధనల ప్రకారం నువ్వు కారులో భాగం.”

పారినాయుడు ఇంటికెళ్లి సూరీడమ్మకి చెప్పాడు. ఆమె అంగన్‌వాడీలో ఆయా. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి వండిపెట్టి, వాళ్ల ముక్కులు తుడిచి, గౌరవ వేతనం తీసుకుంటోంది. గౌరవ వేతనం తీసుకునేవాళ్లు ఉద్యోగులు కారు. ఆమె ఉల్లిపాయ తరగడం ఆపకుండానే అంతా విని, ఇంటికి వస్తుంటాడా అని అడిగింది. వాహనం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలట, రాకూడదట అన్నాడు. తిండి ఎవరు పెడతారని అడిగింది. ఆఫీసు కాంటీనునుంచి వస్తుందట అన్నాడు. ఆమె తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది.

“మరి తీసీయరు గదా? ఆ ముప్పయ్యొకటో తారీకు బాగోతం ఉండదు గదా?”

“ఉండదు. రిటైరయినాకే తీస్తారు.”

“అలగైతే ఎల్లు,” అంది.

ఖాదర్ మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. మనిషికి బోల్టులు బిగించే పని తను నేర్చుకోలేదన్నాడు. ఉత్తర్వు చూపించాక, తన పేరు మీద కూడా ఒక కాగితం ఇమ్మన్నాడు. ఇచ్చారు. ప్రభుత్వ వైద్యుడు పారినాయుడి వెన్ను మీద వేలితో తట్టి, వంచి చూసి, తగిన స్థితిస్థాపకత ఉందని ధ్రువపత్రం రాశాడు. ఫిబ్రవరి పదమూడున ఖాదర్ కారుని జాకీ మీద ఎత్తి, విరిగిన పట్టీ తీసి, ఆ చోట పారినాయుడిని బోర్లా పడుకోబెట్టాడు. నడుము దగ్గరా భుజాల దగ్గరా పాత ట్యూబు ముక్కలు మెత్తగా చుట్టి, బోల్టులు బిగించాడు. చేతులు ముందుకీ కాళ్లు వెనక్కీ మడిచాడు. ఆపైన జాకీ మెల్లగా దించాడు.

నొప్పి తెలియడానికి ముందు పారినాయుడికి ఒక రకమైన తృప్తి తెలిసింది. ఇంత బరువు తన మీద ఉండగా తనని ఎవరూ కదపలేరనిపించింది. కృపానందం స్కేలు పెట్టి కొలిచాడు. ఎడమవైపు కారు ఒకటిన్నర అంగుళాలు లేచింది.

దాంతో కుడివైపు పల్లమైంది. ఇన్నాళ్లూ రెండు వైపులా ఒకేలా కుంగి ఉండడం వల్ల ఎవరికీ తెలియలేదు గానీ, ఇప్పుడు కారు ఒక భుజం ఎగరేసి నిలబడినట్టుంది. కుడివైపు నాలుగో పట్టీ పనికిరాదని తేల్చి, దాన్ని సర్వీసు నుంచి తొలగించి, ఆ ఖాళీకి ప్రకటన ఇచ్చారు. ఆరువందల నలభై దరఖాస్తులు వచ్చాయి. నలభై నిమిషాలపాటు వంగి ఉండే పరీక్ష జిల్లా స్టేడియంలో రెండు రోజులు జరిగింది. కొందరు ముందునుంచే సాధన చేసి వచ్చారు. శిక్షణ ఇచ్చే కేంద్రాలు కూడా బస్టాండు వెనక రెండు వెలిశాయి. చివరికి, మార్చి గడువు దాటకముందే, హేమసుందర్ అనే అతన్ని తీసుకున్నారు. అతనికి నలభై ఒక్కేళ్లు. డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా గెస్ట్ లెక్చరరుగా భౌతికశాస్త్రం చెబుతున్నాడు. బయటివాళ్లకి పెట్టిన వయోపరిమితికి అతనికి నాలుగు నెలలే మిగిలి ఉన్నాయి. ఏప్రిల్‌లో అతన్ని కూడా బిగించాక కారు వెనక భాగం సమంగా నిలబడింది. జిల్లా అధికారి ఒకసారి చుట్టూ తిరిగి చూసి వెళ్లాడు.

పారినాయుడికీ హేమసుందర్‌కీ మధ్య యాక్సిల్ గుండ్రటి ఇనప డొల్ల అడ్డం. ఒకరికొకరు కనబడేవారు కాదు, మాటలు మాత్రం వినబడేవి. హేమసుందర్ బరువు ఎలా పంచుకోవాలో చెప్పేవాడు. వెన్ను మధ్యలో కాకుండా రెండు కొసలకీ తోయాలనేవాడు. పారినాయుడు రోడ్ల సంగతి చెప్పేవాడు. పంతొమ్మిదేళ్లు నడిపినవాడు కనక, ఏ మలుపు తర్వాత ఏ గొయ్యి వస్తుందో ముందే హెచ్చరించేవాడు. కారుకి ఇప్పుడు కొత్త కాంట్రాక్టు డ్రైవరు వచ్చాడు. గేరు మార్చేటప్పుడు అతను క్లచ్ పూర్తిగా తొక్కడని పారినాయుడికి కింద నుంచి తెలిసేది. పైకి చెప్పే వీలు లేదు. పట్టీలు డ్రైవరుతో నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరపరాదు.

ఆదివారాలు సూరీడమ్మ షెడ్డుకి వచ్చేది. కారు పక్కన నేల మీద కూర్చుని, చక్రం సందులోంచి కనబడే ముఖంతో మాట్లాడేది. వీధిలో ఎవరెవరు ఎక్కడెక్కడికి పోయారో, మునిసిపాలిటీ కుళాయి ఏ వేళ వస్తోందో చెప్పేది. ఒక తడిగుడ్డతో అతని మెడ మీద గ్రీజు తుడిచేది. వీధిలో ఆమెని ఇప్పుడు పర్మనెంటు పారినాయుడి భార్య అంటున్నారని ఒకసారి చెప్పింది. అది చెప్పేటప్పుడు నవ్వింది. ఆ నవ్వు పారినాయుడికి కనబడలేదు, ఆమె ముఖం బంపరు పైన ఉంది.

జులైకి అతని వెన్ను వంపు తేలిపోసాగింది. కారు ఖాళీగా ఉన్నా కడుపు నేల వైపు దిగిపోయేది. ఊపిరి పీల్చడానికి రెండు విడతలు పట్టేది. కొలత ఒకటిన్నర అంగుళాల నుంచి అంగుళానికి పడింది. కృపానందం రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, ఖాదర్ మేస్త్రి ఒక ఉక్కు పట్టీ తెచ్చాడు. పాత సామాను దుకాణంలో, తుక్కు కింద పడి ఉన్న ఒక వ్యాను తాలూకుది. దాన్ని తనే కోసి, తనే కాల్చి వంపు పెట్టాడు. ఎవరికీ చెప్పకుండా జాకీ ఎత్తి, పారినాయుడి బోల్టులు విప్పి, అతన్ని పట్టుకుని బయటికి లాగి స్టూలు మీద కూర్చోబెట్టాడు. పారినాయుడు నిటారుగా కూర్చోలేకపోయాడు, మోకాళ్ల మీద చేతులు ఆనించుకున్నాడు. ఖాదర్ ఆ ఉక్కు పట్టీ ఎడమవైపు దూర్చి బిగించి, జాకీ దించాడు. అరగంట కూడా పట్టలేదు. కారు ఆ వైపు రెండున్నర అంగుళాలు, సరిగ్గా అడిగినంత, లేచింది. ఖాదర్ వెనక బంపరు మీదెక్కి ఊగి చూశాడు. కిర్రుమని కూడా అనలేదు.

“సూసినావా నాయుడూ? రెండోదీ దొరుకుతాది. ఇద్దరూ ఇంటికెల్లిపోవచ్చు.”

పారినాయుడు చాలాసేపు ఆ పట్టీ వైపే చూశాడు. పని బాగుందని అతనికి తెలుసు. జీవితమంతా కార్లు చూసినవాడు. ఒక పట్టీ ఇలా కూర్చోవాలని మనసులో ఎన్నోసార్లు అనుకున్నాడు కూడా.

“ఇంటికెల్లి ఏటి సెయ్యాల మేస్త్రీ?”

ఖాదర్ బంపరు మీద నుంచి దిగాడు.

“ఇనుముతో అయిపోద్దని తెలిస్తే ఈ పోస్టు ఎత్తీస్తారు. నానెవుడ్ని అప్పుడు? డ్రైవరు కూడా కాదు, ఆ సీట్లో ఏరేవోడు కూకున్నాడు.”

అవతలి వైపు నుంచి హేమసుందర్ గొంతు వినబడింది. “మేస్త్రీ గారూ, ఆ కొలత మాత్రం ఎక్కడా రాయకండి. దయచేసి,” అన్నాడు.

ఖాదర్ రెంచి అందుకున్నాడు. తర్వాత కారుని మళ్లీ ఎత్తి, ఉక్కు పట్టీ తీసేశాడు. పారినాయుడు తనంతట తనే కిందికి పాకి, తన చోట్లో సర్దుకుని, ఎడమ బోల్టు ఇంకొంచెం బిగించమన్నాడు. ఖాదర్ బిగించాడు. ఆ తర్వాత వారం రోజులు అతను షెడ్డు వైపు రాలేదు. జ్వరమని కబురు పంపాడు. ఉక్కు పట్టీని ఆఫీసువాళ్లు హక్కుదారు లేని వస్తువుగా నమోదు చేసి, ఆ నెలలోనే తుక్కు వేలంలో పంపేశారు.

ఆగస్టు పదిహేనున కారు వెనక సీటులో ఐదుగురు కూర్చున్నారు. ముగ్గురికి ఉద్దేశించిన సీటే గానీ, ఎవరిని దిగమనాలో చెప్పగలిగిన అధికారి ఆ చుట్టుపక్కల లేడు. పరేడ్ మైదానం గేటు ముందు కాలవ మీద వేసిన సిమెంటు దిమ్మ ఒకటి ఎత్తుగా ఉంటుంది. పారినాయుడు దాని గురించి హేమసుందర్‌ని ముందే హెచ్చరించాడు. కొత్త డ్రైవరు మాత్రం బ్రేకు వేయలేదు. వెనక చక్రాలు దిమ్మ ఎక్కి దిగినప్పుడు ఎండు కర్ర విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. సీటులోని వాళ్లు బయట బాండు వాయిస్తున్నారనుకున్నారు. పారినాయుడు అరవలేదు. కారు మైదానమంతా ఒక చుట్టు తిరిగి, జెండా దగ్గర ఆగి, అందరూ దిగి, గీతం పూర్తయ్యేదాకా అలాగే మోశాడు. మధ్యాహ్నం షెడ్డుకి చేరాక ఖాదర్ వంగి చూసి జాకీ తెచ్చాడు.

రెండు పక్కటెముకలూ ఒక వెన్నుపూసా విరిగాయని ఎక్స్‌రేలో తెలిసింది. విచారణ జరిగింది. ఉద్యోగికి మంజూరైన వంపు మూడు అంగుళాలనీ, ఘటన సమయంలో అతను నాలుగుంబావు అంగుళాలు వంగాడనీ, దీనికి ముందస్తు అనుమతి పొందలేదనీ మెమోలో ఉంది. సంజాయిషీ అడిగారు. కృపానందం కాగితం కలం పట్టుకుని ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చాడు, అతను లేచి కూర్చుని రాయలేడని.

“బరువెంత దిగితే నాను అంత దిగినాను సార్. అంతకు మించి నాకేటీ తెల్దు.”

కృపానందం దాన్ని గ్రాంథికంలోకి మార్చి రాసుకున్నాడు. వెళ్లేముందు మంచం అంచు మీద కాసేపు కూర్చుని, తనకి వచ్చే ఏడు రిటైర్‌మెంటు అనీ, తన నడుము కూడా ఈమధ్య పట్టేస్తోందనీ చెప్పాడు. ఆ మాట ఆయన ఆఫీసులో ఇంకెవరికీ చెప్పి ఉండడు. చర్య తీసుకోవలసిన అవసరం లేదని, వైద్య కారణాల మీద అనర్హుడిగా ప్రకటిస్తే చాలని సిఫారసు చేశాడు. అది ఆయన చేయగలిగిన మేలు. అయితే పారినాయుడి సర్వీసు ఆరు నెలలే. ప్రొబేషను రెండేళ్లు. పింఛను రాదు. ఇలాంటి సందర్భాల్లో కుటుంబ సభ్యుల్లో ఒకరికి అదే పోస్టు కారుణ్య నియామకం కింద ఇవ్వవచ్చు. వాళ్లకి పిల్లలు లేరు.

అక్టోబరులో పారినాయుడిని ఇంటికి పంపారు. అతను నిటారుగా నిలబడలేడు, పూర్తిగా పడుకోనూ లేడు. మంచం మీద ఒక పక్కకి విల్లులా ఒదిగి ఉండేవాడు. వీపు మీద ఏమీ లేకపోతే నిద్ర పట్టేది కాదు. సూరీడమ్మ రెండు రోజులు చూసి, మూడోరోజు పగటివేళ అతని వీపు మీద బియ్యం బస్తా ఒకటి మెల్లగా ఆనించింది. అతను వెంటనే నిద్రపోయాడు. ఆమె గుమ్మంలో కూర్చుని, అతను లేచేదాకా, ఉత్తర్వు ప్రతిని ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందనుంచి పైకి చూసింది. చదవడం రాదు. ఎక్కడ ముద్ర ఉందో తెలుసు.

మర్నాడు అంగన్‌వాడీ తాళాలు అప్పగించి, ప్రొటోకాల్ కార్యాలయానికి వెళ్లింది. దరఖాస్తు కృపానందమే నింపాడు. ఎనిమిదో తరగతి లేదు కాబట్టి సడలింపు కోరారు. వితంతువులకి సడలింపు ఉంది గానీ భర్త బతికున్న వాళ్లకి లేదు. విరిగిన పట్టీని విరిగినంతవరకు లేనట్టే పరిగణించవచ్చని పైనుంచి వివరణ వచ్చింది. ఆ లెక్కన ఆమెకి వితంతువుల సడలింపు దొరికింది. వైద్యుడు ఆమె వెన్ను తట్టి చూసి, ఇంతకుముందు ఎక్కడైనా ఈ పని చేశావా అని అడిగాడు. లేదంది. ఆయన ఇంకోసారి తట్టి చూసి సంతకం పెట్టాడు.

ఖాదర్ మేస్త్రి ఆమెని కొలుస్తున్నప్పుడు టేపు రెండుసార్లు జారిపోయింది. ఆమె పొడవు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. నాలుగో పట్టీ అసలు కొలతకి భర్త కన్నా ఆమే దగ్గర. చేతులూ కాళ్లూ పెద్దగా మడవక్కరలేదు.

“అమ్మా, ఎనకాల్ల ఐదుగురు కూకుంతారు. ఒక్కోసారి ఆరుగురు. ఇప్పుడైనా సెప్పీ. నాను బిగించనని రాసిచ్చీస్తాను.”

“నువ్వు రాసిచ్చీస్తే ఇంకో మేస్త్రి వస్తాడు బాబూ. నీ సెయ్యి మెత్తన. నువ్వే బిగించు.”

జాకీ దించాక కృపానందం స్కేలు పెట్టాడు. ఎడమవైపు రెండుంబావు అంగుళాలు. కుడివైపు కూడా కొంచెం తేలికైందని హేమసుందర్ చెప్పాడు. కృపానందం రిజిస్టరులో ఆ సంఖ్య వేసి, చుట్టూ గీత గీసి, మొదటిసారిగా నల్ల సిరాతో సంతకం పెట్టాడు.

నవంబరు మొదటివారంలో కారు బయటికి తీయవలసి వచ్చింది. ఆ ఉదయం పారినాయుడు గోడలు పట్టుకుంటూ, రిక్షా మాట్లాడుకుని షెడ్డుకి వచ్చాడు. అప్పటికే కారుని కడిగి, బానెట్‌కి జెండా కట్టారు. అతనికి వంగడం కష్టం కాదు. వంగే ఉన్నాడు. చక్రం పక్కకి చేరి, సందులోంచి ఆమె ముఖం చూశాడు. ముక్కు మీద గ్రీజు ఉంది. అతను చొక్కా అంచుతో తుడిచాడు.

వాళ్లు కాసేపు ఇంటి సంగతులు మాట్లాడుకున్నారు. కుళాయి ఇప్పుడు ఆరుగంటలకే వచ్చేస్తోందని అతను చెప్పాడు. పక్కింటామె రోజూ వచ్చి బస్తా తన వీపు మీద ఆనిస్తోందని, దించేటప్పుడు మాత్రం ఆలస్యం చేస్తోందని చెప్పాడు. పెద్దవాళ్లు వచ్చి వెనక తలుపులు తెరిచారు. ఒక్కొక్కరు కూర్చుంటున్న కొద్దీ సూరీడమ్మ కళ్లు కొంచెం కొంచెంగా పెద్దవయ్యాయి. నలుగురు ఎక్కారు. ఐదోవాళ్ల కోసం ఎదురుచూస్తున్నారు.

పారినాయుడు తల ఇంకా లోపలికి పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు.

“గొయ్యి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టకు. ఒగ్గీయాల. బిగబడితే ఇరిగిపోతావు.”

“అది నాకెప్పుడో తెల్సు,” అంది సూరీడమ్మ. “నువ్వు ఎల్లి, పొయ్యి మీద ఎసరు పెట్టు.”

ఐదో ఆయన వచ్చి కూర్చున్నాడు. డ్రైవరు తలుపు వేసి, అద్దం సర్దుకుని, కారు కదిలించాడు. అది షెడ్డు గడప మీదుగా ఏ కుదుపూ లేకుండా రోడ్డు మీదికి దిగింది.